అకిలీస్ మడమను ‘ఆయువుపట్టు’ అంటే అర్థం తిరగబడదా?

కొత్త_అనువాది
ఒక పత్రికకు వ్యవసాయం మీద వచ్చిన ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసి ఇచ్చాను. అందులో ఒక వాక్యం సారాంశం ఇది: భారత వ్యవసాయం ఎంత బలపడినా, దిగుమతి చేసుకునే పొటాష్ ఎరువే దానికి ‘అకిలీస్ హీల్’, అంటే మిగతా అంతా బలంగా ఉన్నా దెబ్బతినే ఒకే ఒక్క చోటు. నేను ‘అకిలీస్ మడమ’ అని రాసి, అవసరమనిపించి పక్కన అరవాక్యం వివరణ కూడా ఇచ్చాను. డెస్కులో రెండూ కొట్టేసి ‘దిగుమతి పొటాష్ భారత వ్యవసాయానికి ఆయువుపట్టు’ అని అచ్చు వేశారు. పొద్దున్నే మా బాబాయి ఫోను. ఆయన ముప్పై ఏళ్లుగా అరటి, పసుపు పండిస్తున్నారు. ‘దిగుమతులను అంతగా మెచ్చుకుంటూ రాశావేమిటి?’ అని అడిగారు. వ్యాసం చెప్పింది సరిగ్గా దానికి వ్యతిరేకం. పేరు నాది, మాట నాది కాదు. బాధగా ఉంది.

అడగాలనుకున్నది ఇదే. ఆయువుపట్టు ఇక్కడ తప్పేనా, లేక మా బాబాయే పొరపాటుగా చదివారా? తప్పయితే దీనికి తెలుగులో సరైన మాట ఏమిటి?

డెస్కు_మనిషి
మీ పత్రిక కాదు కానీ, అదే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి డెస్కు తరఫున చెబుతాను. ఆయువుపట్టు అంటే దెబ్బ తగిలితే ప్రాణం పోయే చోటు. నిఘంటువు చూసినా అదే అర్థం. ‘ఆయువుపట్టు మీద కొట్టాడు’ అని మనమందరం అంటాం. రాత్రి పదకొండు గంటలకు పేజీ వదిలేవాడికి అకిలీస్ ఎవరో పాఠకుడికి వివరించేంత చోటు ఉండదు. తెలుగు మాట ఉండగా గ్రీకు మడమ ఎందుకు అనుకుని ఉంటారు. నేనైనా అదే చేసేవాణ్ని.

శబ్దశోధి
డెస్కు మనిషి గారు చెప్పిన అర్థం నిజమే, కానీ అది సగమే. ప్రాణం ఎక్కడ పట్టుకుని ఉంటుందో అది ఆయువుపట్టు. అక్కడ కొడితే చస్తాం, ఇది ఒక దారి. అదే మనల్ని బతికిస్తోంది, ఇది రెండో దారి. ఇప్పటి పత్రికల భాషలో రెండో దారే పెద్దదయింది. ‘కృష్ణా డెల్టాకు ప్రకాశం బ్యారేజీ ఆయువుపట్టు’ అని రాస్తే బ్యారేజీ బలహీనంగా ఉందని ఎవరూ అనుకోరు, అదే డెల్టాకు ఆధారమని అనుకుంటారు.

ఏ అర్థమో తేల్చేది పక్కనున్న క్రియ. ‘దెబ్బ’, ‘కొట్టు’, ‘గురిపెట్టు’ ఉంటే బలహీనమైన చోటు. ‘ఫలానా దానికి ఫలానాది ఆయువుపట్టు’ అని ఊరికే చెబితే ఆధారం. మీ డెస్కు రాసిన వాక్యంలో కొట్టే మాట ఒక్కటీ లేదు. మీ బాబాయి చక్కగా చదివారు, తప్పు వాక్యానిది.

నల్లరేగడి
వాళ్ల బాబాయి పక్షాన నేను. రైతుకు పొటాష్ అంటే వెంటనే గుర్తొచ్చేది అది ఎక్కడి నుంచి వస్తుందనే సంగతే. మన దేశంలో తవ్వి తీసే పొటాష్ గని లేదు. కెనడా, రష్యా, బెలారుస్, జోర్డాన్, ఇజ్రాయెల్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో రావాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ధర ఎలా మండిందో మాకు తెలుసు. మా ఊళ్లో దీన్ని ఒక్క మాటలో అంటాం: మన పిలక వాళ్ల చేతిలో ఉంది.

కొత్త_అనువాది
నల్లరేగడి గారూ, ఆ మాట చదవగానే ప్రాణం లేచొచ్చింది. కానీ సంపాదకీయం పక్క పేజీలో పిలక అని రాయనిస్తారా?

డెస్కు_మనిషి
రాయనివ్వరు. నేను కూడా రాయనివ్వను.

గ్రంథాలయం_మూల
కాస్త వెనక్కి వెళదాం. మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

గ్రీకు వీరుడు అకిలీస్ ఒంటికి, ఒక్క మడమకు తప్ప, ఏ ఆయుధమూ తగలదన్న కథ ఉంది కదా. చాలామంది ఆ మడమ కథ ప్రాచీన గ్రీకు కవి హోమర్‌ది అనుకుంటారు. ఇలియడ్‌లో అది లేదు. ట్రాయ్ యుద్ధం గురించిన ఆ కావ్యం ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది, అప్పటికి అకిలీస్ బతికే ఉన్నాడు. పైగా ఇరవై ఒకటో సర్గలో ఆస్టెరోపయోస్ అనే వీరుడు రెండు చేతులతో ఒకేసారి రెండు ఈటెలు విసిరితే, ఒకటి అకిలీస్ మోచేతిని చీరుకుంటూ పోయి రక్తం చిమ్ముతుంది. ఆయుధం తాకని దేహమైతే ఆ రక్తం ఎక్కడిది?

ఆయుధాలు తాకకూడదని తల్లి థెటిస్ బిడ్డను పాతాళంలోని స్టిక్స్ నదిలో ముంచిందనే కథ మనకు రాతలో దొరికేది క్రీస్తుశకం 1వ శతాబ్దంలో, స్టేషియస్ అనే రోమన్ కవి లాటిన్‌లో మొదలుపెట్టి పూర్తి చేయకుండా పోయిన ‘అకిలీడ్’లో. పట్టుకున్న మడమ తడవలేదన్న వివరం, ట్రాయ్ రాకుమారుడు పారిస్ వేసిన బాణం అక్కడే తగిలిందన్న వివరం కలిసి తర్వాతి కాలంలో స్థిరపడ్డాయి.

ఇంగ్లీషులో జాతీయంగా మారింది ఇంకా ఆలస్యంగా. 1810లో ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ ఐర్లండును బ్రిటిష్ అకిలీస్‌కు గాయపడగల మడమ అని రాశాడు. ‘గాయపడగల’ అన్న విశేషణం ఆయన చేర్చాల్సి వచ్చిందంటే, ఒట్టి ‘మడమ’ అంటే పాఠకుడికి అందదని ఆయనకు తెలుసు. మన కొత్త అనువాది గారు పక్కన అరవాక్యం రాయడం కూడా అదే. దానికి ఆయన నొచ్చుకోనక్కర్లేదు.

చదువులమ్మ
ఇంగ్లీషు పాఠాలు చెబుతాను కాబట్టి పక్క సంగతి ఒకటి. స్పెల్లింగు చూసి పిల్లలు ‘అచిల్లెస్’ అని చదువుతారు. ‘అకిలీజ్’కు దగ్గరగా పలకాలి, రెండో అక్షరం మీద ఊనిక. రాసేటప్పుడు పేరు చివర ఉన్న ఎస్ తర్వాత అపాస్ట్రఫీ ఒక్కటే పెట్టడం పాత సంప్రదాయం, ఇంకో ఎస్ చేర్చరు. పరీక్షల్లో ఇక్కడే మార్కు పోతుంది. పోయినేడు ఒక అమ్మాయి అపాస్ట్రఫీని మడమకు తగిలిన బాణం అనుకుని గుర్తుపెట్టుకుంటానంది. ఆ తర్వాత తరగతిలో ఒక్కరూ మర్చిపోలేదు.

పిక్కబలం
ఆ బాణం సంగతి మా విభాగంలో చెబుతాను, చాలా బాగుంది. నేను ఫిజియోథెరపిస్టును, రోజూ ఈ పేరుతోనే పని. మడమ వెనుక తాడులా తగులుతుందే, పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే స్నాయుబంధనం, దానికి అకిలీస్ పేరు పెట్టింది ఫ్లాండర్స్‌కు చెందిన శరీరశాస్త్రవేత్త ఫిలిప్ వెర్‌హేయెన్ అంటారు. 1693లో వచ్చిన ఆయన పుస్తకంలో ‘అకిలీస్ తాడు’ అని లాటిన్‌లో ఉంది.

నన్ను ఆశ్చర్యపరిచేది వేరే. శరీరంలోని స్నాయుబంధనాలన్నిటిలో అదే లావు, అదే బలం. పరుగెత్తేటప్పుడు మన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది. అంత బలమైన దానికి బలహీనతకు మారుపేరైన మాట అంటుకుంది. కానీ తెగితే మాత్రం మనిషి అక్కడికక్కడే కూలబడతాడు. షటిల్ ఆడుతూ తెగిన వాళ్లు నా దగ్గరికి వస్తారు. దాదాపు అందరూ చెప్పేది ఒకటే: ‘వెనక నుంచి ఎవరో తన్నారనుకుని తిరిగి చూశాను, ఎవరూ లేరు.’ బెక్‌హామ్‌కు 2010లో తెగింది, ఆ ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పోయింది. బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌కు 2013లో తెగింది. బలంగా ఉన్నవాడికే తెగుతుందని కాదు, కానీ అది తెగినప్పుడు ఎంత బలమూ అక్కరకు రాదు. జాతీయం అర్థం నాకు పుస్తకంలో కంటే అక్కడే బాగా తెలిసింది.

శబ్దశోధి
పిక్కబలం గారి చివరి మాటలోనే అసలు షరతు ఉంది. మిగతా అంతా బలంగా ఉండాలి. అప్పుడే అది మడమ.

అట్లాంటిక్_అవతల
ఆ షరతు నేను ఒక ఇబ్బంది పడి నేర్చుకున్నాను. ఇక్కడ అమెరికాలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మా జట్టులో కొత్తగా వచ్చిన కుర్రవాడి గురించి అభిప్రాయం రాయమన్నారు. అతనికి పని ఇంకా దేనిలోనూ పట్టు చిక్కలేదు. రాతపూర్వకంగా సమాచారం ఇవ్వడం అతనికి అకిలీస్ హీల్ అని రాశాను, మర్యాదగా చెప్పాననుకున్నాను. మా పై అధికారిణి చదివి, ‘అంటే మిగతావన్నీ గొప్పగా చేస్తున్నాడా? అయితే పెద్ద బాధ్యత ఇద్దాం’ అంది. ఆమె అన్నది ఆ మాట ప్రకారం సరైనదే. వెళ్లి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ కుర్రవాడు తర్వాత బాగా ఎదిగాడు, ఆ సంగతి వేరు.

అంటే ఈ మాటలో బలహీనత ఎంత ఉందో పొగడ్త అంత ఉంది. తెలుగులో పెట్టేటప్పుడు ఆ పొగడ్త కూడా రావాలి.

రాతికోట
అయితే గోల్కొండ చక్కటి ఉదాహరణ. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. ఫిరంగులతో కాలేదు, సొరంగాలు తవ్వి మందుగుండు పెట్టినా కాలేదు. చివరికి అబ్దుల్లా ఖాన్ పనీ అనే సేనాని లంచం తీసుకుని రాత్రిపూట తలుపు తీశాడు. అంత కోటకు ఆ తలుపే అకిలీస్ మడమ.

గ్రంథాలయం_మూల
ఒప్పుకోను. తలుపు బలంగానే ఉంది, బయటి నుంచి ఎవరూ పగలగొట్టలేకపోయారు. తెరిచింది లోపలి మనిషి. మడమ అంటే పుట్టుకతో, కట్టడంతో వచ్చిన లోపం ఉండాలి. ఇది నమ్మకద్రోహం. దీనికి మనకు సొంత సామెతే ఉంది, ఇంటి గుట్టు లంకకు చేటు.

రాతికోట
మనుషులు లేకుండా కోట ఉంటుందా? ఎనిమిది నెలలు ముట్టడిలో ఉన్న సైన్యంలో, డబ్బుకు ఊగే సేనానిని తలుపు దగ్గర ఉంచడం కట్టడంలోని లోపమే. ప్రతి ఆదివారం కోటకు వెళ్లేవాణ్ని, ఆ ద్వారం దగ్గర నిలబడి ఇదే ఆలోచించేవాణ్ని. గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో ఆఖరి వరకూ పోరాడింది ఈ కోటలోనే. అంత బలం పక్కనే ఆ ఒక్క చోటు.

శబ్దశోధి
ఇద్దరి మాటా నిలుస్తుంది. కానీ పాఠకుడికి తలుపు కంటే మనిషే గుర్తుంటాడు కాబట్టి నేను సామెత వైపు మొగ్గుతాను.

అమ్మమ్మకథలు
మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు అంటాం కదా, అది సరిపోదా? ఫకీరును ఎవరూ ఏమీ చేయలేరు, చిలక గొంతు నులిమితే చాలు. బలవంతుడు, ఒకే ఒక్క చోటు. రెండూ ఉన్నాయి.

భారతం_మళ్ళీమళ్ళీ
బాగానే ఉంది కానీ చిలక ఏడు సముద్రాల అవతల దాచిపెట్టిన రహస్యం. మడమ మనిషి తన ఒంటి మీదే మోసుకు తిరిగేది. అదీగాక ఇప్పుడు ‘ఆయన ప్రాణమంతా మనవరాలిలోనే ఉంది’ అంటే ప్రేమ గురించి చెప్పినట్టు.

మన దగ్గర అంతకంటే దగ్గరి కథ ఉంది. ఇంత చర్చలో ఎవరూ ఎత్తలేదేమిటా అని చూస్తున్నాను. దుర్వాసుడు కృష్ణుడి ఇంట అతిథిగా ఉండి, వేడి పాయసం తెప్పించి, దాన్ని ఒంటికి పూసుకొమ్మంటాడు. కృష్ణుడు ఒళ్లంతా పూసుకుంటాడు, అరికాళ్లకు మాత్రం పూసుకోడు. ముని మెచ్చుకుని, పాయసం అంటినంత మేర నీకు మృత్యుభయం లేదంటూనే, అరికాళ్లకు ఎందుకు పూసుకోలేదు, అది నాకు నచ్చలేదంటాడు. ఇది ఆనుశాసనిక పర్వం. ఆ తర్వాత మౌసల పర్వంలో జరుడనే వేటగాడు లేడి అనుకుని వేసిన బాణం ఆ అరికాలికే తగులుతుంది.

ఒళ్లంతా రక్షణ, తడవని పాదం, బాణం. స్టిక్స్ నది బదులు పాయసం. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారనే గొడవలోకి నేను వెళ్లను, నాకు ఆ పోలికే చాలు.

అమ్మమ్మకథలు
దుర్యోధనుడి తొడలు కూడా అంతే కదా. గాంధారి కళ్లగంతలు విప్పి చూస్తే ఒళ్లంతా ఇనుమైంది, సిగ్గుపడి కప్పుకున్న తొడలు మిగిలిపోయాయి. మా అమ్మమ్మ ఈ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది.

భారతం_మళ్ళీమళ్ళీ
అది జనంలో పుట్టిన అందమైన కథ. వ్యాసుడిలో వేరేగా ఉంది. ఘోషయాత్రలో అవమానపడి దుర్యోధనుడు ప్రాయోపవేశం చేస్తే, దానవులు అతన్ని పాతాళానికి రప్పించి చెబుతారు: నీ నడుము పైభాగం వజ్రాలతో చేసింది, కింది భాగం దేవి పూలతో చేసింది. గాంధారి గంతల సందు నుంచి పడిన చూపు అక్కడ వేరే పని చేస్తుంది, స్త్రీ పర్వంలో ధర్మరాజు గోళ్లు పాడవుతాయి. హోమర్‌లో లేనిది తర్వాత చేరినట్టే ఇక్కడా చేరింది. ఎంత బలవంతుడికైనా ఒక మెత్తని చోటు చూపిస్తే తప్ప వినేవాళ్లకు తృప్తి ఉండదేమో.

చదువులమ్మ
మరి కర్ణుడు? దానగుణమే ఆయనకు అకిలీస్ మడమ అని మా విద్యార్థి రాశాడు. మార్కు ఇచ్చాను. ఇప్పుడు అనుమానం వస్తోంది.

గ్రంథాలయం_మూల
ఇవ్వాల్సిందే. ఇంద్రుడు బ్రాహ్మణుడిగా వచ్చి కవచకుండలాలు అడిగింది, అడిగితే కాదనడని తెలిసే. మంచి గుణం మీదే దెబ్బ కొట్టడం ఈ మాటకు చక్కగా పొసగుతుంది. కాకపోతే కర్ణుడి చావుకు కారణాలు అనేకం అని మనవాళ్లు ముందే అన్నారు, ఒక్క చోటు అనడానికి ఒప్పుకోరు.

అట్లాంటిక్_అవతల
ఇంగ్లీషులోని పక్క మాటలతో కూడా జాగ్రత్తగా ఉండాలి. కవచంలో సందు అనే అర్థంలో ఒక మాట ఉంది, అది రక్షణలోని చిన్న ఖాళీ. కూర్చున్న బాతు అంటే ఎటు కొట్టినా తగిలే నిస్సహాయుడు, అక్కడ బలమే లేదు. మెత్తని పొట్ట అనే అర్థంలో ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బ్రిటన్ ప్రధాని చర్చిల్ మధ్యధరా తీరాన్ని శత్రుకూటమికి అలాంటి పొట్ట అన్నాడు. 1943లో మిత్రదేశాల సైన్యం సిసిలీలో దిగి ఇటలీ మీదుగా పైకి వెళ్లబోతే కొండలు, నదులు అడుగడుగునా ఆపాయి. ఒక్క మాంటే కసీనో దగ్గరే 1944 జనవరి నుంచి మే దాకా నాలుగు సార్లు పోరాడాల్సి వచ్చింది. మెత్తన అన్నది చూసేవాడి ఆశ మాత్రమే. వీటన్నిటినీ తెలుగులో ‘బలహీనత’ అని ఒకే డబ్బాలో వేసేయడం నాకు నచ్చదు.

డెస్కు_మనిషి
చదువుతూ వచ్చాను. ఆయువుపట్టు ఆ వాక్యంలో తప్పే, ఒప్పుకుంటున్నాను. ‘వ్యవసాయానికి ఆయువుపట్టు’ అని నేనే ఎన్ని శీర్షికలు పెట్టానో ఇప్పుడు గుర్తొస్తున్నాయి, అన్నీ పొగడ్తలే. కానీ కొట్టేశాక దాని చోట ఏం పెట్టాలి? పాయసం అంటని అరికాలు అని పెడితే పొటాష్ వ్యాసం చదివేవాడు బిత్తరపోతాడు.

భారతం_మళ్ళీమళ్ళీ
బిత్తరపోడు. మా ఇంట్లో అమ్మను అడిగాను. ‘అన్నీ ఉండి ఒక్కచోట దొరికిపోయేవాణ్ని పాయసం అంటని అరికాలు అంటే నీకు అర్థమవుతుందా’ అంటే, ‘కృష్ణుడిలాగానా’ అంది. కథ తెలిసినవాళ్లకు చాలు.

శబ్దశోధి
తెలియనివాళ్లకు చాలదు, ఇప్పుడు వాళ్లే ఎక్కువ. మర్మస్థానం అనవచ్చా అని ఆలోచించాను. ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు శరీరంలో 107 మర్మాలు లెక్కపెట్టాడు, అందులో చీలమండ దగ్గరి గుల్ఫం కూడా ఉంది. అయితే అది వెంటనే ప్రాణం తీసే మర్మాల్లో లేదు, తీవ్రమైన నొప్పి కలిగించే వాటిలో ఉంది. పైగా 107 ఉన్నప్పుడు ‘ఒక్క చోటు’ అన్న అర్థం పోతుంది.

భారతం గారూ, మీ మాటలోనే అసలైనది దొరికింది. మీ అమ్మగారికి వివరించేటప్పుడు మీరు నామవాచకం వాడలేదు, ‘దొరికిపోయేవాడు’ అన్నారు. ఇంగ్లీషు ఒక వస్తువును, మడమను, చూపిస్తుంది. మనం ఇలాంటి చోట క్రియతో పని చేస్తాం. దొరికిపోవడం, చిక్కడం, అందడం. నల్లరేగడి గారి పిలక కూడా చేతికి చిక్కాల్సిందే, ఊరికే ఉంటే పిలకకు ఏ అర్థమూ లేదు.

నల్లరేగడి
నేను మొదటి నుంచీ అదే అంటున్నాను. పిలక వద్దంటే తీసేయండి, చిక్కడం మాత్రం ఉంచండి.

పిక్కబలం
నా రోగులెవరూ స్నాయుబంధనం అనరు. ‘కాలు నన్ను వదిలేసింది’ అంటారు. అదీ క్రియే.

కొత్త_అనువాది
ఇలా రాసి డెస్కుకు పంపాను: ‘తిండిగింజల్లో ఎవరినీ చేయిచాచని భారత వ్యవసాయం, పొటాష్ దగ్గరికి వచ్చేసరికి బయటి దేశాల చేతికి చిక్కుతోంది.’ పొగడ్త ముందు సగంలో ఉంది, మడమ రెండో సగంలో. అకిలీస్ లేడు, అయినా లోటనిపించలేదు.

డెస్కు_మనిషి
‘ఎవరినీ చేయిచాచని’ కాదు, ‘ఎవరి ముందూ చేయి చాచని’. అది సరిచేస్తే నేను అక్షరం కూడా ముట్టుకోను.

కొత్త_అనువాది
సరిచేశాను, కృతజ్ఞతలు. రేపు సవరణగా వేస్తామన్నారు.

నల్లరేగడి
మీ బాబాయికి చదివి వినిపించారా?

కొత్త_అనువాది
వినిపించాను. ‘ఇప్పుడు అర్థమైంది. మరి చిక్కకుండా ఉండాలంటే ఏం చేయమంటున్నారు?’ అని అడిగారు. వ్యాసంలో అది లేదు. అరటి బోదెలు, ఆకులు పొలంలోనే కుళ్లబెడితే పొటాష్ కొంత తిరిగి నేలకే వస్తుందని ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. ఇంకా ఫోనులోనే ఉన్నారు, రాసుకుంటున్నాను.